ఉచ్చు పెట్టినవాడు ఎక్కడున్నాడు?

మా విశాఖ మన్యంలో చాలామందికి ఇంటిపేరే ఒక జీవి పేరు. కిల్లో వారిది పులి, పాంగి వారిది గద్ద, వంతాల వారిది పాము, గొల్లోరి వారిది కోతి. కొర్రా వారిది సూర్యుడు. వాళ్లకు ఈ వ్యాసంతో పెద్దగా పనిలేదు, సూర్యుడు ఎవరి పెరట్లోనూ దిగి పనసకాయలు చీల్చడు. చిక్కంతా మిగిలినవాళ్లకే. వంశపు జీవిని చంపరాదు, తినరాదు అని పెద్దలు చెప్పారు. మరి గొల్లోరి వారి పెంకుల మీదకే కోతుల మంద దిగి, ఎండబెట్టిన చోళ్లు ఊడ్చుకుపోతే ఏం చేయాలి? వంతాల వారి ఇంట్లో పసిపిల్ల పడుకున్న చాప కిందికి కట్లపాము దూరితే ఏం చేయాలి?

పట్నంలో ఈ ప్రశ్నకు జవాబు సులువు. ఫోన్ చేస్తే మందు కొట్టేవాళ్లు వస్తారు, పని చేసి రసీదు ఇచ్చి పోతారు. చచ్చిన ఎలుకను చూడాల్సిన అవసరం కూడా ఇంటివాడికి రాదు. మాకు ఆ వెసులుబాటు లేదు. చంపినా మేమే, తరిమినా మేమే, ఊరుకున్నా నష్టపోయేది మేమే. అందుకని ఈ సంగతి మాలో మేము మాట్లాడుకోవాలి. ముఖ్యంగా యువకులతో, బడి పంతుళ్లతో.

ముందుగా ఒక పొగడ్తను పక్కన పెడదాం. ఆదివాసులు ప్రకృతితో కలిసిమెలిసి బతుకుతారని సభల్లో అంటుంటారు, శాలువా కప్పినట్టు ఆ మాట మా మీద కప్పుతారు. వినటానికి బాగానే ఉంటుంది. కానీ మా తాతలు పందిని చంపారు, తిన్నారు, కోతిని వడిసెలతో కొట్టి తరిమారు, కోళ్లగూటి దగ్గర జంగపిల్లికి బోను పెట్టారు. వాళ్లు మునులు కారు. వాళ్ల దగ్గర ఉన్నది చంపకూడదన్న వ్రతం కాదు. ఎప్పుడు, ఎలా, ఎవరు చూస్తుండగా చంపాలి అన్న కట్టుబాటు. మనం పోగొట్టుకుంటున్నది ఆ కట్టుబాటునే.

ఇల్లు అంటే మాకు నాలుగు గోడలు కాదు. పెరడు, పశువుల శాల, కళ్లం, ఇంటి వెనక పసుపు మడి, ఆ పైన కాఫీ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగ, ఇదంతా ఇల్లే. అడవి ఎక్కడ ఆగింది, ఇల్లు ఎక్కడ మొదలైంది అని గీత గీసి చూపించటం కష్టం. అందుకే "అడవి జంతువు ఇంట్లోకి చొరబడింది" అన్న మాట మా నోట అంత ధీమాగా రాదు. మనం మడి చేసిన చోటు పందికి ఒకప్పటి దారి. అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని మేము అనటం లేదు. పందుల మంద ఒక్క రాత్రి మడిలో పడితే ఏడాది తిండి పోతుంది. కంద, పసుపు, చిలగడదుంప దేన్నీ ముట్టె వదలదు. దాని ఆకలి నిజమే, మన ఆకలీ నిజమే, ఈ రెంటి మధ్య తీర్పు చెప్పే మూడోవాడు లేడు. పంట కాపాడుకునే హక్కు మనకు ఉందని మేము తడుముకోకుండా అంటాం. తేల్చుకోవలసింది ఎలా కాపాడుకోవాలన్నదే.

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగను చూడండి. మగవాళ్లు విల్లంబులు, ఈటెలు పట్టుకుని అడవికి వెళ్తారు. వేట లేకుండా తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. ఇప్పుడు వేట పేరుకే మిగిలింది, రోడ్డు మీద తాళ్లు కట్టి బళ్లను ఆపి చందా వసూలు చేయటమే ఎక్కువ. అయినా ఆ పండుగలో ఒక సంగతి గమనించాలి. వేట ఊరంతా కలిసి చేసేది, చెప్పిన రోజుల్లో చేసేది, దొరికింది ఊరంతా పంచుకునేది. ఎవరు చంపారో అందరికీ తెలుసు.

విల్లు పట్టినవాడు చూడాలి. చూడకుండా బాణం వేయలేడు. ఎదురుగా ఉన్నది చూలు పందా, పిల్లల తల్లా, పొదల్లో మేస్తున్న పక్క ఊరి దూడా అని ఒక్క క్షణం చూస్తాడు. ఆ క్షణంలో విల్లు దించేయవచ్చు కూడా. ఉచ్చుకు ఆ క్షణం లేదు. పెట్టినవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు, ఉచ్చు మాత్రం రాత్రంతా మేలుకునే ఉంటుంది.

ఇక్కడ మా కుర్రాళ్లు ఒక మంచి ప్రశ్న అడుగుతారు. చచ్చే పందికి బాణమైతేనేం, ఉచ్చయితేనేం? నిజమే. బాణం దిగిన పంది రెండు రోజులు ఈడ్చుకుంటూ తిరిగి చావవచ్చు, ఉచ్చులో పడ్డది అంతకంటే త్వరగా పోవచ్చు. పంది బాధ కొలిచి చూస్తే విల్లు గొప్పదని మేము నిరూపించలేం. తేడా చంపేవాడి వైపు ఉంది. విల్లు పట్టినవాడు ఈ జంతువును చంపాలని నిర్ణయించుకున్నాడు. ఉచ్చు పెట్టినవాడు ఎవరొస్తే వాళ్లను చంపాలని నిర్ణయించుకున్నాడు. వచ్చేది ఎవరో తెలియకముందే తీర్పు ఇచ్చేశాడు.

అందుకే పాత రోజుల్లో ఉచ్చు పెట్టేవాడి మీద భారం ఎక్కువ ఉండేది. పెట్టిన సంగతి ఊరికి చెప్పాలి. దారి మీద కొమ్మ విరిచి గుర్తు పెట్టాలి. తెల్లారకముందే వెళ్లి చూడాలి. ఏదైనా పడి ఉంటే దాన్ని ఆలస్యం చేయకుండా చంపాలి, లేదా విప్పాలి. జ్వరం వచ్చి లేవలేకపోతే తమ్ముణ్ని పంపాలి. ఉచ్చుకు లేని కళ్లను మనిషి వెళ్లి తెచ్చిపెట్టాలన్నమాట.

కరెంటు తీగ వచ్చాక ఇదంతా పోయింది.

కట్టుతీగ కొని, మడి చుట్టూ జానెడు ఎత్తులో లాగి, పైన పోయే లైనుకు కొక్కెం తగిలిస్తే చాలు. సోలారు కంచె వేరు. అది ఆగి ఆగి చిన్న దెబ్బ కొడుతుంది, జంతువు బెదిరి వెనక్కి పోతుంది. ఈ తీగలో ఉండేది ఇంట్లో బల్బు వెలిగించే 230 వోల్టుల కరెంటే, పట్టిందంటే వదలదు. తడి నేల మీద వట్టి కాళ్లతో నడిచే మన లాంటివాళ్లకు మరీ ప్రమాదం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంది కోసం పెట్టిన తీగకు మనుషులు చచ్చిన వార్తలు వానాకాలం నుంచి కోతల దాకా పేపర్లలో వస్తూనే ఉంటాయి. చేపలకు వెళ్లినవాడు, ఆవును వెతుక్కుంటూ వెళ్లిన కుర్రాడు, తెల్లవారి కొక్కెం తీయటం మరిచిపోయి తన మడిలో తానే కాలు పెట్టిన రైతు. కవ్వాల్ పులుల అడవి అంచున ఇలాంటి తీగలకు పులులు కూడా చచ్చాయి. పంది మాంసానికి వచ్చిన చావు పులికి తగిలితే దేశమంతా తెలుస్తుంది, మన పిల్లవాడికి తగిలితే మండలం దాటదు.

తీగ పెట్టినవాణ్ని అడిగితే "పంది కోసం పెట్టాను" అంటాడు. అబద్ధం కాదు. కానీ ఆ తీగకు పంది అని తెలియదు కదా. నాటుబాంబు కూడా అంతే. కొవ్వులోనో పిండిలోనో చుట్టి దారిలో పెడితే పంది దవడ పగలాలని అనుకుంటారు, ఊరి కుక్క, మేసే ఆవు, బంతి అనుకుని తీసిన పిల్లాడు ఎవరైనా కావచ్చు. చనిపోయింది మనవాడు కాకపోయినా సరే, చూడకుండా చంపటం అనే పద్ధతే తప్పని మేము నమ్ముతున్నాం. మనవాడు చచ్చినప్పుడే అది తప్పుగా కనిపిస్తే, అప్పుడు మనం ఏడ్చేది తప్పు కోసం కాదు, నష్టం కోసం.

అయితే ఆ రైతు వైపు నుంచి కూడా మాట్లాడాలి. తీగ పెట్టవద్దని చెప్పటం తేలిక. ఒకప్పుడు పంటకు కాపలా ఎవరు కాసేవారు? మంచె మీద ముసలాయన, కింద మంట దగ్గర పిల్లలు. డబ్బా కొట్టేది పిల్లలు, వడిసెల తిప్పేది పిల్లలు, కుక్కను ఉసిగొలిపేది పిల్లలు. ఇప్పుడు ఆ పిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉన్నారు. ఉండాలి కూడా, మళ్లీ మంచెల మీదకు రమ్మని మేము అనం. పెద్ద కుర్రాళ్లు పనుల కోసం పట్నాలు పోయారు. మిగిలింది ఇద్దరు ముసలివాళ్లు, చలి, దోమలు. బడికి వెళ్లిన పిల్లవాడి స్థానంలో తీగ వచ్చింది. మూడు నెలలు రాత్రంతా మేలుకోలేని మనిషి కొనుక్కున్న నిద్ర అది. ఈ సంగతి ఎత్తకుండా తీగను మాత్రమే తిట్టేవాళ్ల మాట గూడెంలో ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా.

చట్టం ఏమంటుందో యువకులు తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపటమే కాదు, ఉచ్చు వేయటం, బోను పెట్టటం, అందుకు ప్రయత్నించటం కూడా వేటే. ప్రాణం మీదికొచ్చినప్పుడు తనను గానీ మరొకరిని గానీ కాపాడుకోవటానికి మంచి ఉద్దేశంతో చంపితే అది నేరం కాదు. పంటను పాడుచేసే జంతువు విషయంలో మాత్రం అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అడవిపంది ఇంతకుముందు మూడో షెడ్యూలులో ఉండేది, 2022 సవరణతో రెండో షెడ్యూలులోకి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఎన్నో హక్కులు రాసిచ్చింది గానీ వేటను, ఉచ్చును పేరు పెట్టి మినహాయించింది. అదే చట్టం అయిదో సెక్షనులో వన్యప్రాణులను, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాపాడే అధికారం ఇచ్చి, పంటకు నష్టం వచ్చినప్పుడు నిర్ణయించే అధికారం మాత్రం దూరంగా ఉన్న బల్ల మీద ఉంచారు. అర్జీ బల్ల దాకా వెళ్లి వచ్చేసరికి చోళ్లు ఉండవు, పంది ఉంటుంది. ఇది అన్యాయమని అడగాలి. అడుగుతూనే తీగ కూడా తీయాలి. మొదటిది జరిగేదాకా రెండోది చేయం అనటానికి లేదు, మధ్యలో నడిచేది మన పిల్లలు.

ఈలోగా చేయదగ్గ పనులు లేకపోలేదు. గట్టు మీద ఆముదం వేయటం, పాత చీరలు కట్టటం, ముళ్లకంప నాటటం అందరికీ తెలిసినవే. పంది తెలివైనది, కొన్నాళ్లకు చీరకు అలవాటు పడుతుంది. మనిషి అలికిడికే ఎక్కువ భయపడుతుంది. అందుకని పక్కపక్క మడులవాళ్లు వంతులు వేసుకుని కాపలా కాయటం తప్ప పక్కా దారి లేదు. అది ఇంటికి ఒకరు చొప్పున గ్రామసభలో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.

పందికంటే ఇంటికి దగ్గరిది ఎలుక. దాని మీద ఎవరికీ జాలి లేదు. పాత చట్టంలో కాకి, గబ్బిలం, చిట్టెలుక, ఎలుకలను పనికిరాని జీవాలని అయిదో షెడ్యూలులో వేరే పెట్టేవారు, 2022 సవరణలో ఆ జాబితా పోయింది. ఎలుకను పట్టటంలో యానాది అన్నదమ్ములను మించినవాళ్లు లేరు. కన్నం ముందు పొగకుండ పెట్టి ఊది, మిగతా కన్నాలు మూసి, బయటికొచ్చినదాన్ని చేత్తో పడతారు. కన్నంలో ఎలుక దాచిన ధాన్యం తవ్వి తెచ్చుకుంటారు. చేలవాళ్లు వాళ్లను పిలిచి పని చేయించుకుంటారు, పని అయ్యాక తక్కువగా చూస్తారు. ఇంత నేర్పును నేర్పు అనకుండా కులవృత్తి అనటం మన దేశానికి అలవాటు.

ఎలుకను ఎంత చంపినా తిండి దొరుకుతున్నంతకాలం తరగదు. మూడు వారాలకు ఈనుతుంది, ఈతకు అరడజను పైనే పెడుతుంది. మిజోరంలో వెదురు పూసిన 1959 ప్రాంతంలో ఎలుకలు పెరిగి పంటలన్నీ తినేశాయి. తోకకు ఇంత అని సర్కారు డబ్బిచ్చి లక్షల ఎలుకలను చంపించింది. కరవు మాత్రం ఆగలేదు. వెదురు గింజ రాలినంతకాలం ఎలుక పుట్టింది. మన ఇంట్లో వెదురు గింజ అంటే మూత లేని గాదె, పొయ్యి పక్క పారేసిన మెతుకులు, కోళ్లకు చల్లి వదిలేసిన నూక.

ఎలుక వచ్చిన ఇంటికి పాము వస్తుంది. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, కాటు నొప్పి కూడా తెలియదు. మన దేశంలో ఏటా సుమారు 58 వేలమంది పాముకాటుకు చనిపోతున్నారని లెక్క, ఎక్కువమంది పల్లెలవాళ్లే. ఇక్కడ పామును చంపాలా వద్దా అన్న ప్రశ్న చివరిది. మొదటి ప్రశ్న నూక ఎవరు ఊడుస్తారన్నది. మలేరియాకని ఇచ్చిన దోమతెరను అంచులు చాప కిందికి దోపి కడితే పాము కూడా లోపలికి రాదు. ఆ తెరలను చేపలకు, కోళ్లగూళ్లకు వాడేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. ఎలుకల మందు సంగతి కూడా చెప్పాలి. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చస్తుంది, ఎలుకలను తినే పక్షినే మనం పోగొట్టుకుంటాం. దానికంటే పెద్ద మాట, ఆ డబ్బా చూరులో ఉండటం. ఇంట్లో గొడవ జరిగిన రాత్రి అది చేతికందే చోట ఉండటం వల్ల పోయిన ప్రాణాలు ప్రతి గూడేనికి తెలుసు.

తమిళనాడులో ఇరుల సోదరులు పాములు పట్టేవాళ్లు. 1972 చట్టం తర్వాత పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి వాళ్ల బతుకు పోయింది. 1978లో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, కొన్ని వారాలు కుండల్లో ఉంచి విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందు తయారీకి వెళ్లే విషంలో చాలా భాగం వాళ్లు తీసిందే. 2023లో వాళ్లలో ఇద్దరికి పద్మశ్రీ ఇచ్చారు. పట్టే నేర్పు చంపటానికే అక్కర్లేదని వాళ్లు చూపించారు. మన ఊళ్లలో పాము పట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక కొక్కెం కర్ర, గట్టి బూట్లు ఇప్పించే ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇక కోతుల సంగతి. పట్నాల్లో, గుళ్ల దగ్గర కోతులు ఎక్కువైతే పట్టించి బోనుల్లో ఎక్కించి అడవి అంచున వదిలేస్తుంటారు. పట్టేవారికి దయ, వదిలేచోట ఎవరున్నారో చూసే పని లేదు. రోడ్డు పక్క కొబ్బరిచిప్పలు, బిస్కెట్లు తిని పెరిగిన కోతికి ఏ చెట్టు కాయ ఎప్పుడు పండుతుందో తెలియదు. అది తిన్నగా గూడెం చూసుకుని వస్తుంది. మనిషంటే దానికి భయం లేదు, చేతిలో సంచి లాక్కుంటుంది. అడవికి కోతులను తిరిగి ఇచ్చామని పట్నం అనుకుంటుంది. నిజానికి తమ బాధను తీసుకొచ్చి మా పెరట్లో పోశారు. చంపలేదు కాబట్టి తప్పు లేదనే లెక్క మాకు ఒప్పదు. బాధ తొలగించుకోవటం వేరు, అడిగే నోరు లేనివాడి మీదకు తోసేయటం వేరు. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో తెలంగాణ ప్రభుత్వం కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం పెట్టింది. ఖర్చు, ఓపిక రెండూ కావాలి గానీ ఎవరి నెత్తినా పడని దారి అది. ఈ కొలత మనకూ వర్తిస్తుంది. మన ఇంట్లో పట్టిన పామును పక్క గూడెం పొలిమేరలో వదిలితే అదీ పట్నం పనే.

ఒక జీవిని పుట్టుకతోనే పీడ అని జాబితాలో రాసే అలవాటు గురించి మేము ఇంకో మాట చెప్పాలి. తెల్లదొరల కాలంలో పులికి, చిరుతకు, పాముకు చంపితే ఇంత అని రొక్కం ఇచ్చేవారు. ఆ దొరలే 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఎరుకలవారు, యానాదులు ఆ జాబితాలోకి ఎక్కారు. పుట్టిన బిడ్డ ఏ తప్పూ చేయకముందే దొంగ. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది గానీ పోలీసు చూపులో అది పూర్తిగా పోలేదు. పందినీ మనిషినీ ఒకటి చేస్తున్నారని ఎవరైనా అంటే అనవచ్చు. ఒకటి చేయటం లేదు. జాబితా రాసే చెయ్యి ఎలా పని చేస్తుందో చూపిస్తున్నాం. ఈ పంది ఈ మడిలో పడింది, దీన్ని ఆపాలి అనటం ఒక రకం. పందులన్నీ పీడ అనటం ఇంకో రకం. జాబితాకెక్కిన బాధ మనకు తెలుసు కాబట్టి ఆ రెండో మాట మన నోట రాకూడదు.

గొల్లోరి వారి ప్రశ్నకు తిరిగి వస్తే, కోతిని తరమవచ్చు, చోళ్ల మీద వల కప్పవచ్చు, పనసకాయ లేతగా ఉన్నప్పుడే కోసుకోవచ్చు. కోతిని తరిమినందుకు వంశం ఏమీ పోదు. వంతాల వారి ఇంట్లో చాప కింద కట్లపాము ఉంటే, పట్టేవాడు వచ్చేలోపు అది బిడ్డ మీదకు వెళ్తుంటే, కర్ర తీయాలి. పామును కొట్టాక ఆ ఇల్లు శుద్ధి చేసుకుని నీళ్లు పోసుకుంటే కొందరు చదువుకున్న కుర్రాళ్లు నవ్వుతున్నారు. నవ్వొద్దు. చేయక తప్పలేదని, చేసినందుకు సంతోషం లేదని ఆ ఇల్లు చెప్పుకునే తీరు అది.

పంతుళ్లకు ఒక మాట. హాస్టళ్లలో ఎలుకలు పిల్లల కాలివేళ్లు కొరుకుతున్నాయి. ఇప్పుడు సంతలో జిగురు అట్టలు వచ్చాయి, చవక. రాత్రి పెడితే తెల్లారేసరికి ఎలుక అంటుకుని ఉంటుంది, ఇంకా బతికే ఉంటుంది. అట్టను తీసి పారేయమని ఎక్కడైనా ఒక చిన్న పిల్లాడికే చెబుతారు. వాడు దాన్ని పట్టుకుని పెంటకుప్ప దాకా నడుస్తాడు, అది చేతిలో కీచుమంటూ ఉంటుంది. మిగతావాళ్లు వెనకాల నవ్వుతూ వెళ్తారు. ఆ పిల్లాడు ఆ రోజు ఏ పాఠం నేర్చుకుంటాడో ఆలోచించండి. జిగురు అట్టలు కొనకండి. తీగ బోను పెట్టండి, పొద్దున్నే మీరే వెళ్లి చూడండి, పడ్డదాన్ని మీరే త్వరగా చంపండి, ఆ పని పిల్లలకు అప్పజెప్పకండి. తర్వాత పిల్లలను తీసుకుని బియ్యం గది చుట్టూ తిరగండి. ఎలుకకు బొటనవేలు దూరే సందు చాలు. తలుపు కింద సందు ఉంటే రేకు కొట్టించాలి, సంత రోజున వడ్రంగి దొరుకుతాడు.